ఆ గట్టిమేళం ఎవరిది?

మార్టూరు,
18-7-2005

చిరంజీవి మాలిక్‌ను దీవించి, నీ బావ నాగూర్ వలి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం అలవాటు గనక అలాగే మొదలుపెట్టాను. మీ అక్క బాగుంది, ఎడమ మోకాలు తప్ప. వాన ఒక్కటి పడి మళ్లీ పత్తా లేదు. పత్తి గింజలు వేసినవాళ్లు పొద్దున లేచి మొదట ఆకాశం వంక చూస్తున్నారు. ఆషాఢం గనక మేళాలు లేవు. నాదస్వరాలు రెండూ నూనె పట్టించి గుడ్డలో చుట్టి పెట్టాను.

నువ్వు ఫోను చేసినప్పుడల్లా "ఏం బావా, గొంతులో జీవం లేదు" అంటున్నావు. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. ఫోను ముందుగదిలో ఉంది, దాని పక్కనే మీ అక్క మంచం ఉంది. కార్డు రాస్తే పోస్టుమాను చదువుతాడు. అందుకని కవరు కొన్నాను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అయినా ముప్పయ్యేళ్లు నా పక్కన కూర్చుని ఊదినవాడివి. నా ఊపిరి ఎక్కడ తెగుతుందో నాకన్నా నీకే ముందు తెలుస్తుంది. నీ దగ్గర దాపరికం ఏముంది? నాకు వేడి చేసింది. మూడు వారాల నాడు మూత్రం ఎర్రగా వచ్చింది. మంట లేదు, నొప్పి లేదు. బార్లీ నీళ్లు తాగాను, సబ్జా గింజలు తాగాను, తగ్గిపోయింది. మొన్న మళ్లీ వచ్చింది. ఈసారి ఎండుమిర్చి నానబెట్టిన నీళ్ల రంగులో ఉంది.

శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకున్నాం కదా, అప్పటికి సర్దుకుంటుంది. డోలు వీరాంజనేయులికి తేదీలు చెప్పేశాను. మీ అక్కకి మాత్రం చెప్పొద్దు.

నీ బావ,
నాగూర్ వలి


పొదిలి,
25-7-2005

బావకి మాలిక్ సలాములు.

ఉత్తరం రెండుసార్లు చదివి చింపేశాను, నువ్వు భయపడకు. ఇక్కడ పొదిలిలో వాన సంగతి అడగొద్దు. మా వీధిలో కుక్కలు కూడా నీడ కోసం మనుషుల వెనక నడుస్తున్నాయి.

నీ పేరు చెప్పకుండా ఇక్కడి డాక్టరుని అడిగాను. "మా ఊళ్లో ఒకాయనకి ఇలా ఉందండీ" అన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూసి, ముందు నా చేతే సీసాలో పోయించాడు. నాది పన్నీరులా ఉందట. అప్పుడు నమ్మి చెప్పాడు. నొప్పితో రక్తం వస్తే రాయి అనుకోవచ్చు గానీ, నొప్పి లేకుండా వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదన్నాడు. చుట్ట తాగుతాడా అని అడిగాడు. రోజుకి ఎన్నో చెప్పేసరికి పెన్ను కింద పెట్టేశాడు.

బావా, నువ్వు శుక్రవారంలోగా గుంటూరు వెళ్లి చూపించుకో. వెళ్లకపోతే శనివారం పొద్దున్నే ఫోను చేస్తాను. ఎవరు తీస్తారో నీకు తెలుసు.

మాలిక్


మార్టూరు,
30-8-2005

మాలిక్,

దీవెనలు ఈసారి లేవు. నువ్వు శనివారం దాకా కూడా ఆగలేదు. శుక్రవారం సాయంత్రమే ఫోను చేశావు. మీ అక్క మంచం మీంచి లేచి, ఆ మోకాలితోనే నన్ను గుంటూరు బస్సెక్కించింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పయ్యారేళ్ల కాపురంలో నన్ను ఇంత భయపెట్టిన మౌనం లేదు.

గుంటూరులో మూత్రం దారి గుండా దీపం ఉన్న గొట్టం పంపి చూశారు. మూత్ర సంచి లోపల పువ్వులాగా ఒక కండ పెరిగిందట. దాన్ని గీకి ముక్క పరీక్షకి పంపారు. మొన్న ఫలితం వచ్చింది. క్యాన్సరు. పైపైన ఉంటే గీకి వదిలేసేవారట. ఇది సంచి గోడ కండలోకి దిగింది. మొత్తం సంచి తీసేయాలి అన్నారు. చుట్టలే చేశాయన్నారు. పొగాకు చేలల్లో పుట్టి, పొగాకు కాల్చే బేరన్ల పక్కన సాధకం చేసినవాణ్ని, నాకు అది పొగ అని కూడా తెలీదు.

నేను వద్దన్నాను. ఎందుకో నీకు తెలుసు. మా చిన్నాన్న హుస్సేన్ సాహెబ్‌ని మర్చిపోయావా? బొడ్డు పైనుంచి కిందిదాకా కోసి ఏదో ఆపరేషను చేశారు. ప్రాణం నిలబడింది. ఆ తర్వాత నాదస్వరం ఎత్తి ఊదబోతే కుట్టు దగ్గర పొట్ట పిడికిలంత పొంగేది. రెండేళ్లు నడుముకి గుడ్డ బిగించి ఊదబోయి, చివరికి మేకుకి తగిలించాడు. మిగిలిన పన్నెండేళ్లూ దానికెదురుగా మంచం వేసుకుని కూర్చున్నాడు. అది నేను చూశాను. నాకు అలాంటి పన్నెండేళ్లు వద్దు. ఊదుతూ ఉన్నన్నాళ్లు ఉంటాను.

మీ అక్క నాతో మాట్లాడటం లేదు. నువ్వు కూడా మానెయ్యి.

నాగూర్ వలి


పొదిలి,
8-9-2005

బావకి సలాములు. నువ్వు మానెయ్యమన్నా రాస్తున్నాను. నువ్వు ఆపమన్నచోట నేను ఆపి ఉంటే మన మేళం ఏనాడో మూతపడేది.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల అంకమ్మరావు మాస్టారని ఒకాయన ఉన్నారు. రిటైరై మిరప తోట చూసుకుంటున్నారు. నిరుడు ఆయనకి హైదరాబాదులో మూత్రపిండం ఒకటి తీశారు. మాస్టారూ, మీ పొట్ట ఒకసారి చూపిస్తారా అని వెళ్లి అడిగాను. ఆయన భార్య నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. ఆయన చొక్కా ఎత్తారు. బావా, నాలుగు చుక్కలు ఉన్నాయి, కింద అడ్డంగా ఒక చిన్న గీత ఉంది. అంతే. కంతల్లోంచి కెమెరా, కత్తెర దూర్చి, టీవీలో చూస్తూ చేస్తారట. కండ నిలువునా చీల్చరు. చిన్నాన్నకి కోసింది ముప్పయ్యేళ్ల నాటి కోత, అది వేరు.

అక్కడితో వదల్లేదు. నా నాదస్వరం ఆయన చేతికిచ్చి ఊదమన్నాను. శబ్దం రాలేదు, ఎలా వస్తుంది? కానీ ముఖం కందగడ్డ అయ్యేదాకా పాపం ఊదారు. పొట్టలో లాగిందా మాస్టారూ అంటే లేదయ్యా, దవడలు పోయాయి అన్నారు.

ఆ డాక్టరు పేరు ప్రేమ్‌చంద్. మూత్ర సంచి కూడా ఇదే పద్ధతిలో తీస్తున్నాడట. మాస్టారు ఫోను చేసి నీకు రోజు ఖాయం చేశారు. నువ్వు వెళ్లి, "నేను ఊదాలి" అన్న ఒక్క మాట ఆయన ముఖాన అను. ఆయన కుదరదంటే తిరిగొచ్చెయ్యి. అప్పుడు నేనూ అడగను. అక్క సంగతి నాకు వదిలెయ్యి.

నాకు ఈ మేళం లేకపోయినా బతుకుంటుంది బావా. నువ్వు లేకపోతే ఉండదు. ఇది రాయడానికి సిగ్గుపడి రెండు కాయితాలు పాడుచేశాను.

మాలిక్


హైదరాబాదు,
2-10-2005

చిరంజీవి మాలిక్‌కి దీవెనలు.

ఇవాళ గాంధీ జయంతని డాక్టర్లు లేరు గనక తీరిగ్గా రాస్తున్నాను. మీ అక్క పక్కనే ఉంది. మాట్లాడుతోంది. నోరు మూసుకుని నీళ్లు తాగు అన్నది మొదటి మాట.

ప్రేమ్‌చంద్ గారు చిన్నవాడే. నువ్వు చెప్పినట్టే "నేను ఊదాలండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మీ అక్క సంచిలోంచి నాదస్వరం తీసి బల్ల మీద పెట్టింది. అది ఎప్పుడు సంచిలో సర్దిందో నాకే తెలీదు. ఆయన నన్ను పడుకోబెట్టి, పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఊరికే ఊపిరి బిగబట్టి ఊదమన్నాడు. ఊదాను. చెయ్యి జరుపుతూ నాలుగుచోట్ల నొక్కి చూశాడు. తర్వాత ఇలా అన్నాడు:

"ఈ కండని నేను నిలువునా కొయ్యను. ఆరు రంధ్రాలు పెడతాను. సంచి బయటికి తియ్యడానికి కింద నాలుగు వేళ్ల కోత ఒకటి. మూడు నెలలు ఊదకూడదు. ఆ తర్వాత మీ ఇష్టం."

మన సన్నాయికి వేళ్లకి ఏడు కంతలండీ, మీరు ఒకటి తక్కువ పెడుతున్నారన్నాను. కింద కోతని కూడా కలుపుకోండి అన్నాడు. మనిషి నచ్చాడు.

కానీ మాలిక్, ఇంకొకటి ఉంది. సంచి తీసేశాక మూత్రానికి దారి ఏది? రెండు దారులట. ఒకటి, పేగు ముక్కని పొట్ట పక్కన బయటికి తెచ్చి, అక్కడ సంచి అతికించడం. జన్మంతా అది కట్టుకుని తిరగాలి. రెండోది, మూరెడు పైన పేగు కోసి, దాన్నే గుండ్రంగా కుట్టి, పాత సంచి ఉన్నచోటే కొత్త సంచి పెట్టడం. మామూలుగానే పోసుకోవచ్చు. ఏది చేస్తారో ఇప్పుడు చెప్పరట. లోపల మూత్రం దారి అంచున రోగం లేదని తేలితేనే రెండోది. తెలివొచ్చాకే నాకు తెలుస్తుంది.

బయట సంచి ఉన్నవాళ్లు నమాజు చెయ్యొచ్చని మసీదు హజ్రత్ చెప్పాడు, ప్రతి వేళకీ కాళ్లూ చేతులూ కడుక్కుని కొత్తగా వజూ చేసుకుంటే చాలట. అల్లా ఒప్పుకుంటాడు, నాకు తెలుసు. నేనే ఒప్పుకోలేకపోతున్నాను. నందిపాలెం రాములవారి కల్యాణంలో సీతమ్మవారి పక్కన, పందిట్లో, నడుముకి మూత్రం కట్టుకుని ఎలా కూర్చోను? ఎవరూ ఏమీ అనకపోవచ్చు. నా ఊపిరే బయటికి రాదు.

ఆరో తేదీ ఆపరేషను. నువ్వు వస్తే బాగుంటుంది.

నాగూర్ వలి


హైదరాబాదు,
19-10-2005

మాలిక్‌కి దీవెనలు.

రాత వంకరగా ఉంటే క్షమించు, పడుకుని రాస్తున్నాను.

తెలివి వచ్చాక మొదట చేసిన పని చెబుతాను. కళ్లు తెరవలేదు. కుడిచెయ్యి మెల్లగా పొట్ట పక్కకి జరిపాను. పట్టీ తగిలింది. ఇంకొంచెం జరిపాను. ఇంకో పట్టీ. బొడ్డుకి కుడివైపు అంతా తడిమాను. సంచి లేదు. మళ్లీ తడిమాను. మాధురి అని ఇక్కడ నర్సమ్మ ఉంది, "ఏం వెతుకుతున్నారు తాతగారూ" అంది. నాకు ఏడుపు వచ్చింది. నొప్పి అనుకుని ఆ పిల్ల సూది మందు ఎక్కించింది. దాంతో మళ్లీ నిద్రపోయాను.

మొత్తం ఏడు గంటలు పట్టిందట. అంచు శుభ్రంగా ఉంది, గ్రంథుల్లో రోగం లేదు. లోపల ఇప్పుడు నా పేగుతో కుట్టిన సంచి ఉంది. మానేదాకా మూడు వారాలు గొట్టాలు ఉంటాయి.

ఇంకో సంగతి విని నవ్వుకో. ఊపిరితిత్తులు బిగుసుకోకుండా ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో మూడు బంతులు. మాధురి, "దీనితో ఊపిరి తియ్యండి" అని చెప్పి వెళ్లింది. గొట్టం ఉంది, నోట్లో పెట్టుకోవాలి. ఇంకేముంది, ఊదాను. బంతులు కదల్లేదు. ఈ నాగూర్ వలి ఊదితే బంతి కదలదా అని రోషం వచ్చి మళ్లీ ఊదాను, కుట్లు కేక పెట్టాయి. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, ఊదడం కాదు తాతగారూ, లోపలికి పీల్చాలి అంది. పీల్చాను. మూడు బంతులూ లేచి పైన అతుక్కున్నాయి. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్పై దాటాక వెళ్లి పక్క వార్డు నర్సుల్ని పిలుచుకొచ్చింది. ఊపిరి ఉందిరా మాలిక్. ఎక్కడికీ పోలేదు.

ఇక నేను అడగాల్సింది. నువ్వు ఆపరేషను రోజు వచ్చావని మీ అక్క చెప్పింది. నాకు తెలివి రాకముందే వెళ్లిపోయావట. ఫోను కూడా లేదు. దసరా మేళం అంత ముఖ్యమా?

నాగూర్ వలి


పొదిలి,
27-10-2005

బావకి సలాములు.

నీ ఉత్తరంలో బంతుల సంగతి వీరాంజనేయులికి చదివి వినిపించాను. వాడు డోలు మీద తల పెట్టి నవ్వాడు.

దసరా మేళం ముఖ్యం కాదు. అక్కకి అలా చెప్పి వచ్చాను గానీ అది సాకు. నిన్ను గాజు తలుపులోంచి చూశాను. ముక్కులో గొట్టం, మెడలో గొట్టం, పొట్టలోంచి రెండు. నోరు తెరిచి ఉంది. ఆ నోట్లో నాదస్వరం పీక లేకుండా నిన్ను అలా నేనెప్పుడూ చూడలేదు బావా. బస్టాండుకి వచ్చి ఏ బస్సో చూడకుండా ఎక్కి కర్నూలు దారిలో సగం దూరం పోయాను. ఇది నిజం. కోపం తెచ్చుకో, కానీ దసరా పేరు మీద కాదు.

మాలిక్


మార్టూరు,
15-12-2005

మాలిక్‌కి దీవెనలు.

కోపం లేదు. కర్నూలు దారి మాట మీ అక్కకి చెప్పాను, ఆమెకి ఉంది.

గొట్టాలన్నీ తీసేశారు. ఇప్పుడు నేను బడికి వెళ్తున్నట్టు ఉంది. కొత్త సంచికి "వస్తోంది" అని చెప్పడం రాదు. అది పేగు, దానికేం తెలుసు? అందుకని గడియారం చూసి వెళ్లాలి. పగలు మూడు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని లేవాలి. కూర్చుని, కింద వదిలేసి, పొట్టతో మెల్లగా నొక్కాలి. నువ్వు నవ్వుతావు గానీ, మంద్ర స్థాయిలో పట్టి నిలిపినట్టే. డాక్టరుకి అదే చెప్పాను, ఇంత త్వరగా ఎవరూ నేర్చుకోలేదన్నాడు. పేగు గనక జిగురు కూడా వస్తుంది. అది అడ్డుపడకుండా నీళ్లు బాగా తాగాలి, గొట్టంతో కడుక్కోవాలి. దగ్గితే, తుమ్మితే నాలుగు చుక్కలు జారుతున్నాయి. దానికి కింది కండరాలు బిగించి వదిలే సాధకం ఉంది. రోజుకి వంద చేస్తున్నాను. చుట్ట ముట్టలేదు.

జనవరి ఆరుకి మూడు నెలలు. మాఘంలో ఫిబ్రవరి పదిహేడో తేదీ ముహూర్తం ఒప్పుకో. మార్టూరు గ్రానైటు వాళ్ల ఇంటి పెళ్లి. పొద్దుటిపూటే. నువ్వు నా పక్కన ఉంటావు, నాకేం భయం?

నాగూర్ వలి


మార్టూరు,
24-2-2006

మాలిక్,

పెళ్లిలో జరిగింది నువ్వు చూశావు, కానీ ఎందుకు జరిగిందో నీకు తెలీదు. తెలియాలి.

ఆరింటికి కూర్చున్నాం. తొమ్మిదింటికి నేను లేవాలి. అప్పటికి తోడి రాగం అందుకున్నాను. అయిదు నెలల తర్వాత నా చేతికి దొరికిన తోడి అది, సగంలో ఎలా వదలను? అది అయ్యేసరికి గౌరీపూజ. తర్వాత కన్యాదానం. తాళి పడకముందు మేళగాడు పీట మీంచి లేవకూడదని మా నాన్న చెప్పిన మాట. జ్వరంతో కూర్చున్నాను, మా అమ్మ పోయిన నాలుగో రోజు కూర్చున్నాను, ఏనాడూ లేవలేదు. ఇప్పుడు మూత్రం కోసం లేస్తానా? కొత్త సంచి ఏమీ చెప్పదు గదా, నాకేమీ తెలియలేదు. పొట్ట బరువుగా ఉంటే ఊపిరి అనుకున్నాను.

పన్నెండింటికి లేచి వెళ్తే చుక్క రాలేదు. జిగురు అడ్డుపడింది. మిగిలింది నీకు తెలుసు. ఒంగోలు ఆసుపత్రిలో గొట్టం పెడితే లీటరు వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే కుట్టు చిరిగేదట. ప్రేమ్‌చంద్ గారు ఫోనులో అరవలేదు. "మీరు రాగం ప్రకారం కాదు, గడియారం ప్రకారం వెళ్లాలి" అన్నాడు. అరిచినా బాగుండేది.

గడియారం చూసి ఊదేవాడు నాదస్వరం ఊదకూడదు మాలిక్. శ్రీరామనవమికి నందిపాలెం కల్యాణానికి ఇంకొకణ్ని చూసుకో. నేను బతికాను, అది చాలు అని మీ అక్క అంటోంది. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

నాగూర్ వలి


మార్టూరు,
20-3-2006

మాలిక్ గారికి,

మీరు నా ఉత్తరానికి జవాబివ్వలేదు. ఇప్పుడు కారణం తెలిసింది.

మిరప కళ్లంలో కాయలు ఏరడానికి వెళ్లినప్పుడు మీ అక్కకి వీరాంజనేయులు పెళ్లాం కనిపించిందట. మూడు వారాలుగా ప్రతి శుక్రవారం వాడు డోలు తీసుకుని పొదిలి బస్సెక్కుతున్నాడట. సాయంత్రం దాకా మీ పెరట్లో వాయిస్తున్నారట. కొత్త మేళం కడుతున్నారని ఆమే చెప్పింది. వీరాంజనేయులు నా ఇంటి ముందు నుంచే నడుస్తాడు, నన్ను చూసి తల వంచుకుని పోతున్నాడు.

ఇంకొకణ్ని చూసుకోమన్నది నేనే. కాదనను. కానీ ఒక్క ముక్క రాసి చెప్పి ఉంటే సరిపోయేది. ముప్పయ్యేళ్లు పక్కన కూర్చున్నవాడికి తెలియకుండా దొంగతనంగా సాధకం చెయ్యాలా?

నాగూర్ వలి


పొదిలి,
25-3-2006

బావా,

నన్ను "గారు" అన్న కాయితాన్ని పొయ్యిలో పెట్టాను. సలాములు తర్వాత.

అవును, వీరాంజనేయులు వస్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. వాడికి అబద్ధం చెప్పడం రాదు గనక తల వంచుకుని పోతున్నాడు. కుదరకపోతే నీకు ఇంకో ఆశ పెట్టి పడగొట్టినట్టవుతుందని నీకు రాయలేదు. మొన్న శుక్రవారం కుదిరింది. విను.

తాళి పడకముందు మేళగాడు లేవకూడదు, నిజమే. కానీ డోలు ఒక్కటే తని వాయించేటప్పుడు సన్నాయివాళ్లం ఏం చేస్తాం? పీక తీసి ఒళ్లో పెట్టుకుని, మంచినీళ్లు తాగి ఊరుకుంటాం. మేళం ఆగినట్టు కాదు, డోలు మోగుతూనే ఉంటుంది. అప్పుడు లేస్తే నువ్వు లేచినట్టు ఎవరికి తెలుస్తుంది? మీ నాన్న వద్దన్నది మేళం ఆగడం గానీ, మనిషి లేవడం కాదని నేను అనుకుంటున్నాను. ఆయనే ఉంటే అడిగేవాణ్ని.

అందుకని కల్యాణం వరస మొత్తం మార్చి కట్టాను. ఎనిమిదింటికి మొదలు. పది కొట్టేసరికి ఏ రాగంలో ఉన్నా నేను ముగింపుకి దారి తీస్తాను, నువ్వు నా వెంట రా. ముప్పయ్యేళ్లు నేను నీ వెంట వచ్చాను, ఆ ఒక్క నిమిషం నువ్వు రా. అక్కడ తని. మళ్లీ పావు తక్కువ పన్నెండుకి రెండో తని. అంటే గట్టిమేళానికి నువ్వు ఖాళీ సంచితో కూర్చుంటావు.

ఎంతసేపు అన్నదే చిక్కు వచ్చింది. నీకు పది నిమిషాలు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. అందుకే ఈ శుక్రవారాలు. వాడు పెరట్లో వాయిస్తుంటే నేను నువ్వయి నడిచాను. దొడ్డిదాకా వెళ్లాను, కూర్చున్నాను, వచ్చాను. ఒకసారి కావాలని అరగంట కూర్చున్నాను. నేను తిరిగొచ్చి సన్నాయి చేతిలోకి తీసుకునేదాకా వాడు ముగింపు వెయ్యలేదు. అరవై రెండేళ్లవాడు, వేళ్లకి పట్టీలు చుట్టుకుని వాయించాడు. బతుకులో మొదటిసారి గడియారం కొన్నాడు. చేతికి కట్టుకుంటే వాయించడానికి అడ్డమని మొలతాడుకి కట్టుకున్నాడు.

ఇంకొకణ్ని చూసుకోమన్నావు. చూశాను. ఎవరూ లేరు.

ఏప్రిల్ ఆరున నందిపాలెం పందిరి దగ్గర ఏడున్నరకి ఉంటాను. గట్టిమేళం నువ్వు ఊదాలి.

సలాములు.
మాలిక్


మార్టూరు,
8-4-2006

చిరంజీవి మాలిక్‌కి నిండు దీవెనలు.

నిన్న హైదరాబాదు నుంచి ఆరు నెలల స్కానింగు ఫలితం వచ్చింది. ఎక్కడా ఏమీ లేదట. మీ అక్క ఆ కాయితాన్ని ఖురాను పెట్టే గూట్లో పెట్టింది. ఇంకా అయిదేళ్లు చూస్తూనే ఉండాలట. చూడనీ.

నవమినాడు నేను సరిగా మాట్లాడలేదు, ఇప్పుడు రాస్తున్నాను. పది గంటలకి నువ్వు ముగింపు తిప్పినప్పుడు కల్యాణి నా చేతిలో ఇంకా మిగిలి ఉంది. మనసు ఒప్పుకోలేదు. అయినా నీ వెంట వచ్చాను. పందిరి పక్క స్కూలు వెనక గదిలో కూర్చుంటే భయానికి రాలేదు. డోలు వినిపిస్తోంది, వీరాంజనేయులు వేళ్లు గుర్తొస్తున్నాయి. నువ్వు తలుపు బయట నిలబడి మెల్లగా ఆ కల్యాణినే కూనిరాగం తీశావు. నేను వదిలిన చోటు నుంచి తీశావు. అప్పుడు వచ్చింది. సుబ్బరావమ్మ గారు, పందిరి వేయించేవారు, "ఈ ఏడు డోలు ఇంత బాగా వాయించారేం" అన్నారు. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. నా దగ్గర దాచకు.

"గట్టిమేళం, గట్టిమేళం" అని పంతులు అరవగానే ఇద్దరం ఎత్తాం. డోలు, తాళం, వెయ్యిమంది జనం, అక్షింతలు. చెవులు గింగురుమన్నాయి. నా సన్నాయి నాకే వినపడలేదు. పొట్ట పట్టింది, కింద నాలుగు చుక్కలు జారాయి. గుడ్డ పెట్టుకున్నాను గనక ఎవరికీ తెలియదు. ఆ మాట దాచను. కానీ అక్కడి నుంచి ఒకటే అనుమానం తొలుస్తోంది. ఊరంతా "ఖంగున మోగింది" అంటున్నారు. నీ ఊపిరి నాకు తెలుసు, నువ్వొక్కడివే పందిరి లేపగలవు. ఇన్నాళ్లు నన్ను మోసినవాడివి, అదీ మోసి ఉంటావు. నేను ఊరికే బుగ్గలు పొంగించి కూర్చున్నానేమో.

నిజం రాయి. ఆ గట్టిమేళం నీదా, నాదా? నీదైతే నేను బాధపడను, పక్కన కూర్చుని నీకు శ్రుతి పడతాను. కానీ తెలియాలి.

నీ బావ,
నాగూర్ వలి


పొదిలి,
13-4-2006

బావకి మాలిక్ సలాములు.

స్కానింగు మాట చదివి, మా వీధిలో అందరికీ బెల్లం పంచాను. ఎందుకని అడిగినవాళ్లకి మిరప రేటు పెరిగిందని చెప్పాను.

నువ్వు ఈ ప్రశ్న అడుగుతావని నాకు ముందే తెలుసు. నీ అనుమానం నీకు పుట్టకముందే నాకు తెలుస్తుంది. అందుకే పంతులు అరిచినప్పుడు నాదస్వరం పెదాలకి ఆనించాను, వేళ్లు ఆడించాను, బుగ్గలు పొంగించాను. ఒక్క ఊపిరి కూడా లోపలికి పంపలేదు. నమ్మకపోతే వీరాంజనేయుల్ని అడుగు, వాడు నా పక్కనే ఉన్నాడు, గట్టిమేళం అయ్యాక నా మోకాలి మీద గిల్లాడు.

ఊరంతా విన్నది నీ ఒక్కడిదే.

వైశాఖంలో మూడు ముహూర్తాలు ఒప్పుకున్నాను. వరసలు కడుతున్నాను. అక్క మోకాలు ఎలా ఉంది?

మాలిక్